రవ్వ రాలని నిప్పు కోసం కోసిగి దాకా

కడపలో మా బడి ఆడపిల్లలు నిప్పు తిప్పవచ్చునా కూడదా అన్న తగువు తేల్చుకోవడానికి నేను కోసిగి దాకా పోయి వచ్చాను. పాలు తాగే బిడ్డను చంకనేసుకొని పోయాను. ఈ మాట విన్నవాళ్ళు రెండో మాట వినకుండానే నన్ను తిట్టారు. అందుకే ఆ రెండో మాట కూడా రాసిపెడుతున్నాను. బిడ్డ ఇప్పుడే నిద్రపోయింది. ఆముదం దీపం కింద రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకర పోతే మన్నించాలి. మా వీధిలో ఈ వారం కిరసనాయిలు దీపం వెలుగుతున్న ఇల్లు ఒక్కటీ లేదు. దానికి కారణం యుద్ధం తెచ్చిన కరువు ఒక్కటే కాదు.

నేను మిషను ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరును. మద్రాసు కాలేజీలో చదివేటప్పుడు మాకు గదలు తిప్పడం నేర్పారు. చేతికొక చిన్న కర్రగద, పాటకు తగ్గట్టు తిప్పాలి. పక్క కాలేజీ మగపిల్లలు చీకటి పడ్డాక వాటి కొనలకు గుడ్డ చుట్టి, వెలిగించి తిప్పేవాళ్ళు. మాకు మాత్రం వెలగని గదలే. ఆ కోపం చదువైపోయినా, పెళ్ళయినా, బిడ్డ పుట్టినా పోలేదు. ఈ ఏడు బడి వార్షికోత్సవానికి మా పిల్లల చేత నిప్పు గదలు తిప్పిస్తానన్నాను.

క్రిస్మసుకు ముందు ఒక సాయంత్రం మొదటిసారి వెలిగించాం. చుట్టడానికి గుడ్డ మా అత్త మార్తమ్మే ఇచ్చింది. ఆమె గుడికి కట్టుకొనే తెల్లచీర అది. మా అత్త గంజి పెట్టిన చీరను నేలమీద నిలబెడితే నిలబడుతుందని సంఘంలో పేరు, సంఘ పెద్దల పంచెలకు గంజి పెట్టేదీ ఆమే. "దేవుని పిల్లోళ్ళు పట్టుకునే దీపానికి మాసిన గుడ్డ ఇస్తామా?" అని ఆ పాతచీరను కూడా ఉతికి, గంజి పెట్టి, ఆరేసి, చింపి ఇచ్చింది. ఎస్తేరు అనే పిల్ల గద తిప్పగానే నిప్పురవ్వలు వానలా రాలాయి. ఓణీకి కన్నం పడింది, మణికట్టు కాలింది. నా అరచేత్తోనే ఆర్పాను. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

మర్నాడు బడి కమిటీ పెద్ద దానియేలయ్యగారు పిలిపించారు. "ఆ అంశం మగపిల్లల బడికి ఇచ్చేస్తాం. ఆడపిల్లల చేతికి నిప్పు పొయ్యి దగ్గర ఇస్తే చాలమ్మా" అన్నారు.

"పొయ్యి దగ్గర చెయ్యి కాలని ఆడది ఈ ఊళ్ళో ఏ ఇంట్లో ఉందో చూపించండి, మానేస్తాను" అన్నాను.

ఆయన గోడమీది క్యాలెండరు తిరగేశారు. చివరికి, సెలవులు ముగిసి బడి తెరిచే రోజుకు రవ్వ రాలని నిప్పు చూపిస్తే సరే, లేకపోతే మగపిల్లలే అని తేల్చేశారు. తప్పు నూనెదే అని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కర్నూలు పడమటి పల్లెల్లో పీర్ల పండుగకు రాత్రంతా నిప్పుకర్రలు తిప్పుతారని మా హాస్టలు వంటామె చెప్పింది, ఆమెది ఆదోని పక్క. ఆ తిప్పేవాళ్ళను చూసి నూనె తెలుసుకుందామని బయలుదేరాను. నా భర్త "నీ ఇష్టం" అన్నాడు. అత్త మాత్రం "నా మనవరాల్ని నీతో ఒంటిగా పంపను" అని మూట కట్టుకొని రైలెక్కింది.

కమలాపురం

మొదట దిగింది నా పుట్టింటి ఊళ్ళో. దిగింది మా అమ్మ కోసం కాదు, కమ్మరి ఓబులేసు కోసం. మా గదలు నిలువునా కర్రవి. గుడ్డ కాలాక కర్ర కూడా అంటుకొని, కొట్టిన మేకులు వేడెక్కి వదులయ్యాయి. కొన ఇనుముది కావాలి, పిడి కర్రది కావాలి, గుడ్డ జారకుండా తీగబుట్ట కావాలి. నేలమీద బొగ్గుతో గీసి చూపించాను.

"దేనికమ్మా ఇది?"

"నిప్పు తిప్పడానికి."

"ఎవురు తిప్పేది?"

"ఆడపిల్లలు."

ఇక్కడ తగువు మొదలవుతుందని నడుం బిగించుకొని నిలబడ్డాను. ఓబులేసు నా చేతివేళ్ళ వైపు చూసి, "అట్లయితే పిడి ఇంకా సన్నం చేయాల. ముందే చెప్పొద్దా?" అని విసుక్కొని పనిలో పడ్డాడు. అన్నాళ్ళలో ఆ ప్రశ్న తర్వాత రెండో ప్రశ్న వేయని మొదటి మగవాడు అతడే.

తయారైన గదను కొలిమి ముందే తిప్పి చూశాను. మొదటిది బరువెక్కువై, చేయి లాగి, పక్కనున్న నీళ్ళకుండను పగలగొట్టింది. కాగిన కమ్ములు చల్లార్చే నీళ్ళన్నీ ఓబులేసు ఒళ్ళోకి పోయాయి. అత్త బిడ్డను ఎత్తుకొని వీధి దాకా పరుగెత్తి, అక్కడి నుంచి అరిచింది: "నిప్పు లేకుండానే ఇట్లుంటే, నిప్పుంటే ఊరే మిగలదు గదమ్మే!"

కమ్మి సన్నం చేయించి, ఒక గద వెంట తీసుకొని, పిల్లలందరికీ తక్కినవి కడపకు పంపమన్నాను. కూలితో పాటు కుండ ఖరీదు కూడా ఇచ్చుకున్నాను. మధ్యాహ్నం అమ్మ పెట్టిన రాగిసంగటిలోకి చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశెనగ పచ్చడి, నంజుకొని తిన్నాం. "బిడ్డ చిక్కిపోయింది, వెనక్కి పో" అని అమ్మ, "చిక్కలేదు" అని అత్త. వియ్యపురాళ్ళిద్దరూ నన్ను వదిలేసి వాళ్ళలో వాళ్ళు పోట్లాడుకున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పుకొని మళ్ళీ రైలెక్కాను.

డోన్

డోన్‌లో మా పిన్ని కొడుకు సామ్యేలు రైల్వే షెడ్డులో ఫిట్టరు, అతని ఇంట్లో నూనెలన్నీ వెలిగించి చూద్దామని అటు పోయాం. ఊరంతా బొగ్గుపొగ, ఇంజను ఆవిరి. ఆరేసిన గుడ్డ అరగంటలో నల్లబడుతుంది. కడపలో మేం బూడిద రాలితే పొయ్యి పక్కన చూసుకుంటాం, ఇక్కడివాళ్ళు ఆకాశం వైపు చూస్తారు. మా బిడ్డ పొత్తిగుడ్డలు ఉతికి ఎక్కడ ఆరేయాలో తెలియక ఇంట్లోనే తాడు కట్టాను. అవన్నీ నా పాతచీరలవి. రోజూ ఉడికించి ఉతికి ఉతికి దూదిలా అయిపోయాయి. యుద్ధం వచ్చాక బట్ట దొరకడమే గగనమైంది, వాటికి మారు లేదు. అందుకని బిడ్డ తర్వాత వాటినే భద్రంగా చూసుకునేదాన్ని.

సామ్యేలు ఇంజను తుడిచే నూలు పిడికెడు తెచ్చాడు. నూనె బాగా తాగింది గాని, వెలిగించగానే పోగులు పోగులుగా ఊడిపోయింది. పెరట్లో పగిలిన పెంకులు వరసగా పెట్టి ఒక్కో దాంట్లో ఒక్కో నూనె పోశాను. ఆముదం ఎంతకీ అంటుకోలేదు, అంటుకున్నాక నల్లపొగతో గోడను పాడుచేసింది. చెనిక్కాయల నూనె చక్కగానే వెలిగింది గాని, ఆ ధరకు కూరలో వేసుకోవడానికే గుండె గట్టిది కావాలి. కిరసనాయిలు నెమ్మదిగా, తెల్లగా, చెప్పినట్టు విని వెలిగింది.

ఇంతలో సామ్యేలుకు తెలిసిన లారీ డ్రైవరు, పక్కింటి అరుగు మీద కూర్చొని ఇదంతా చూస్తున్నవాడు, చిన్నసీసాలో పెట్రోలు తెచ్చి ఇచ్చాడు. "దీన్ని చూడమ్మా. తక్కినవన్నీ ముసలోళ్ళు, ఇది వయసులో ఉండేది" అన్నాడు.

పెంకులో కాస్త పోసి, వంగి అగ్గిపుల్ల గీశాను. పుల్ల ఇంకా పెంకును తాకనే లేదు. మంటే నా దగ్గరికి వచ్చింది. వెనక్కి పడ్డాను. మా అత్త బిడ్డను గుమ్మంలో కూర్చోబెట్టి పరుగెత్తుకొచ్చి, నన్ను లేపి, ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, "నీ ఎడమ కనుబొమ్మ యాడకి పోయింది?" అంది.

అరుగుమీది డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. మా అత్త సీసా తీసి అతని చేతిలో పెట్టి, "నీ వయసు నువ్వే పెట్టుకోప్పా" అంది.

ఆ రోజంతా నేను బిడ్డ జుట్టు వాసన చూస్తూనే ఉన్నాను. దానికేమీ కాలేదు. మంటకు ఎంతో దూరంలో ఉంది. అయినా గుండె ఊరుకోలేదు. కమిటీ పెద్ద మాట కూడా చెవిలో మోగింది. అయితే నేను భయపడినంత మాత్రాన ఆయన చెప్పింది నిజమైపోతుందా? నాకు రైలన్నా భయమే, జ్వరమన్నా భయమే. భయపడుతూనే రైలెక్కాను గదా.

పెట్రోలు ఎప్పటికీ వద్దని తేలింది. మంచిది కిరసనాయిలే. కాని కడపలో మేం వాడింది కూడా కిరసనాయిలే! నూనె మంచిదైతే ఎస్తేరు మీద రవ్వలు ఎందుకు రాలాయి? ఈ ప్రశ్న మూట కట్టుకొని గుంతకల్లులో బండి మారాను. స్టేషను బయట ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి తాలింపు పెడతారని మా అత్తకు అదివరకే తెలుసు గాని, మిరపకాయ బజ్జీ నంజుకొని తింటారని తెలియదు. తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకొని, ఇంకొకటి అడిగింది.

కోసిగి

కోసిగి పక్క నేల మా కడప నేలకంటే ఎండినది. జొన్నచేలు కోసేసి ఉన్నాయి. సగం ఇళ్ళకు తాళాలు. కూలికి దూరదేశం పోయినవాళ్ళను 'సుగ్గికి పోయినారు' అంటారు. పీర్ల పండుగకు మాత్రం ఎక్కడున్నా తిరిగి వస్తారట. మేం దిగిన రోజు దారి పొడవునా మూటలు, పిల్లలు, గొర్రెలు, నడిచి వస్తున్న జనం.

నిప్పుకర్ర తిప్పే మనిషిని చూపించమంటే హుసేనప్ప ఇంటికి తీసుకుపోయారు. వాకిట్లో గుంజకు తుమ్మకర్రలు ఆనించి ఉన్నాయి, రెండు కొనలకూ గుడ్డ చుట్టి. మీసాలు మెలేసిన పెద్దమనిషి మంచం మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమ్మా, నిప్పు చూసేకి కడప నుంచి వచ్చినారా? మీ కడపలో నిప్పు ల్యాదా?"

మా అత్త అతని పేరు విని, మొలకు కట్టిన తాయెత్తు చూసి, నుదుటి విభూతి చూసి తికమకపడింది. "నువ్వు సాయిబువా, హిందువువా?"

"పండగ దినాల్లో సాయిబుని. తక్కిన దినాల్లో కూలోణ్ని." అతను పెద్దగా నవ్వాడు. "మా తాతకు బిడ్డలు నిలవకుంటే పీర్లకు మొక్కినాడంట. అందుకే మా నాయన హుసేనప్ప, నేను హుసేనప్ప, నా కొడుకు హుసేనప్ప. ఈదిలో నిలబడి పిలిస్తే ముగ్గురం పలుకుతాం."

అతని భార్య ఈరమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం పెట్టింది. తర్వాత బెల్లం వేసి నలిపిన రొట్టె, మలీదా, తెచ్చింది. పీర్లకు పెట్టినదని మా అత్త ముట్టలేదు. నా బిడ్డ ఈరమ్మ ఒళ్ళో కూర్చొని ఆమె వేలు చీకి అంతా తినేసింది. "దానికి ఇంకా బాప్తిస్మం కాలేదులే" అని అత్త తనకు తానే సర్దిచెప్పుకొంది.

పొద్దు వాలాక హుసేనప్ప వాకిట్లో కర్ర వెలిగించాడు. తిప్పుతుంటే మనిషి కనబడలేదు, ఒక నిప్పుచక్రం కనబడింది. ఆ చక్రం నుంచి రవ్వలు రాలుతున్నాయి, దోసిళ్ళతో విసిరినట్టు. చుట్టూ జనం ఈలలు వేశారు. నాకు మాత్రం ఎస్తేరు ఓణీ కనబడింది. అవే రవ్వలు. అలాగే పొరలు పొరలుగా ఊడి, గాలిలో వెలుగుతూ పడుతున్నాయి.

"చూసినావామ్మా మా పూలు? ఆదోని దాకా ఇన్ని పూలు ఎవురూ రాల్చలేరు!" అన్నాడు రొప్పుతూ.

"ఏ నూనె?" అన్నాను.

"కిరసనాయిలే. ముందు ఆముదం వాడ్తాంటిమి. నూనెదేముందమ్మా, పూలన్నీ నా చేతిలో ఉండాయి!"

"ఆయప్ప చేతిలో ఏం ఉండాది, మీసం తప్ప" అంది ఈరమ్మ బిడ్డను ఊపుతూ. "ఊరంతా తిరిగి పాతచీరలు అడుక్కొచ్చేది నేను. జొన్నగంజి కాంచి, చిక్కంగ పట్టించి ఎండేసేది నేను. ఎంత చిక్కంగ పెడితే అన్ని పూలు రాలతాయి. ఊరికే చుట్టినామంటే ఉత్త మంట వస్తాది, ఎవురు చూస్తారు?"

గంజి!

నేను అత్త వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. కాని ఆమెకు అర్థమైంది. అత్త ఆ ఇంటి అరుగు మీద కూలబడి, తన కొంగు అంచును వేళ్ళతో నలిపింది. ఆ కొంగు ప్రయాణంలో కూడా గంజి పెళపెళలాడుతూనే ఉంది.

"అయితే ఆ పిల్ల చెయ్యి కాల్చింది నేనా?"

"నువ్వు కాదత్తా. గంజి."

"గంజి పెట్టింది ఎవురమ్మే?"

ఆమె లేచి, మా మూట విప్పి, బిడ్డ పొత్తిగుడ్డలు తీసి నా చేతిలో పెట్టింది. "ఇంద. ఈటికి నేను ఎప్పుడూ గంజి పెట్టలేదు."

బిడ్డకు తిరుగు ప్రయాణంలో ఏం కట్టాలి, చలిలో తడిసి ఉంటే జలుబు చేస్తుందేమో అని మనసు ఒక పక్క లెక్కలు వేస్తూనే ఉంది. రెండో పక్క చేతులు గుడ్డ చింపి, మడతపెట్టి, ఓబులేసు తీగబుట్టలో బిగించి కుట్టేశాయి. కిరసనాయిలులో ముంచి, బాగా పిండి, వెలిగించాను. బిడ్డను ఎత్తుకొని అందరికంటే వెనక నిలబడమని అత్తకు చెప్పి, వాకిలి మధ్యకు పోయి తిప్పాను.

తెల్లని మంట, గుండ్రంగా. బుర్రుమన్న చప్పుడు. ఒక్క రవ్వ రాలలేదు. ఇంకా వేగంగా తిప్పాను. రాలలేదు.

హుసేనప్ప ముఖం చిన్నబోయింది. "ఇదేం నిప్పమ్మా, ఒక్క పువ్వూ ల్యాదు. సచ్చిన నిప్పు."

"నాకు కావాల్సింది ఇదేనప్పా" అన్నాను.

అప్పుడు ఈరమ్మ ముందుకొచ్చి, కొంగు నడుముకు చుట్టి, కచ్చ బిగించి, "ఇట్ల తే" అంది.

"ఏమే, ఏం చేస్తాండావు? నువ్వు పట్టుకోకూడదు!" అన్నాడు హుసేనప్ప.

"నీ కర్ర కాదుగదా ఇది? కడపామె కర్ర. దీనికి నీ కట్టుబాటు యాడుండాది?" అని గద తీసుకొంది. మొదట మెల్లగా, తర్వాత మొగుడు తిప్పినట్టే భుజం మీదుగా, నడుం చుట్టూ. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి చూసిన చేతులవి. ఆడవాళ్ళు ఈల వేయరు, కాని ఆ వాకిట్లో ఎవరో వేశారు. హుసేనప్ప మంచం మీద కూర్చొని మీసం సర్దుకొని, చివరికి "ఎడమ మోచెయ్యి ఎత్తు, ఎత్తు!" అని అరిచాడు.

మళ్ళీ కడప

బిడ్డకు దారిలో జలుబు చేసింది, తగ్గింది కూడా. బడి తెరిచిన రోజున నేను కమిటీకి గద చూపించి, గుడ్డ సంగతి చెప్పాను. దానియేలయ్యగారు చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"ఉచ్చగుడ్డలా? వచ్చే అతిథుల ముందర ఉచ్చగుడ్డలు కాల్చి చూపిస్తామా?"

"ఉడికించి ఉతికినవేనండీ" అన్నాను. "గంజి లేకుండా, రోజూ ఉతికి మెత్తబడిన గుడ్డ ఈ కరువులో మన ఇళ్ళలో అదొక్కటే ఉంది. రవ్వ రాలని నిప్పు చూపమన్నారు, తెచ్చాను. అది ఏ గుడ్డతో వచ్చిందన్నది మీరు అడగలేదు."

ఆయన ఇంకో మెలిక పెట్టారు. ప్రతి పిల్ల తల్లీ వచ్చి ఒప్పుకోవాలన్నారు. ఎస్తేరు తల్లి ఒప్పుకోదని ఆయన ధైర్యం. నా భయమూ అదే.

మర్నాడు ప్రార్థన గంటకు ముందే ఎస్తేరు తల్లి వచ్చింది. చంకలో చిన్నకొడుకు, చేతిలో మూట. మూట నా బల్ల మీద పడేసింది. "మా వాడు ఇంకా తడుపుతానే ఉండాడు టీచరమ్మా. అయినా తీసుకోండి. దీంతో ఇదీ." కొంగు కింది నుంచి రేషను కిరసనాయిలు సీసా తీసి పెట్టింది. "పిల్ల చెయ్యి కాలిందని ఏడ్చిన. ఆ చేతికి గద ఇయ్యకుండా మగపిల్లోళ్ళకు ఇస్తారంటే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది."

ఆ వెనకే తక్కిన తల్లులు వచ్చారు. తమ్ముడివో, చెల్లెలివో గుడ్డలు, అడుగున కాస్తంత నూనె ఉన్న సీసాలు. మా వీధి అంతా ఆముదం దీపాలకు దిగింది అలాగే.

నిన్న సాయంత్రం కమిటీ ముందు తిప్పి చూపించాం. పిల్లలంతా ఓణీలు విప్పి, పావడాలు కచ్చగా బిగించారు, జడలు తడి గుడ్డతో చుట్టారు. పక్కన నీళ్ళ బకెట్లు, తడిపిన గోనెలు పెట్టాను. "ముందు నేను, టీచర్" అంది ఎస్తేరు. మణికట్టు మీద మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. నేను వెలిగించాను. కమిటీ కుర్చీలన్నీ వెనక్కి జరిగాయి. దానియేలయ్యగారి కుర్చీ అన్నిటికంటే వెనక్కి, గోడ దాకా. ఆయన పంచె తెల్లగా, పెళపెళలాడుతూ ఉంది. సంఘంలో అంత గంజి పెట్టగలిగింది మా అత్త ఒక్కతే.

ఎస్తేరు తిప్పింది. కుడిచేతి చక్రం, ఎడమచేతి చక్రం, తల చుట్టూ మరొకటి. నేను నేల వైపే చూస్తున్నాను. నేల మీద చీకటి తప్ప ఏమీ లేదు.

నా వెనక, బిడ్డను చంకలో సర్దుకుంటూ, మా అత్త పెద్దగొంతుతో అంది:

"కుర్చీ ముందుకు జరుపుకోండయ్యా. ఏమీ రాలదు."